ప్రవర్తన దస్తావేజు

"శుక్రవారం సాలూరు ఎల్లాలి. నువ్వూ రావాలి, సంతకానికి."

నగరేశ్వరరావు ఈ మాట చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. మజ్జిగన్నం తిన్న చెయ్యి, చెంబులో నీళ్ళు, భుజం మీద తువ్వాలు, అన్నీ రోజూ ఉన్నట్టే ఉన్నాయి. మాట మాత్రం రోజూ వచ్చేది కాదు. విస్తరి తీయబోయిన మహాలక్ష్మమ్మ వంగిన నడుం వంగినట్టే ఉండిపోయింది.

"ఏ సంతకం?"

"నీ సాలూరిల్లు నా పేరున రాయడానికే. నిన్న అరుగు మీద నారాయణమూర్తితో మాటాడితే నువ్వు ఇన్నావు కదా."

వినడం అంటే మామూలు వినడమా! తలుపు చెక్కకి చెవి ఆనించి, గాజులు చప్పుడు కాకుండా మోచేతి దాకా ఎగదోసుకుని మరీ విన్నది. బొబ్బిలి బజారులో ఎవరింట ఏం జరిగినా పొద్దు తిరిగేలోగా ఆవిడకి తెలియాలి. ఎవరి కోడలు అలిగింది, ఎవరి గేదె ఈనింది, సినిమా హాలు దగ్గర కొత్త డాక్టరు పెళ్ళయినవాడా కానివాడా, అన్నీ కావాలి. అలాంటిది తన ఇంటి అరుగు మీద తన ఇంటి గురించే మాటలు జరుగుతుంటే వినకుండా ఎలా ఉంటుంది?

సంగతేమిటంటే, ఆ మొగుడూ పెళ్ళాలకి కాపురం ఉన్న ఇల్లు కాక అద్దెకిచ్చిన ఇళ్ళు రెండున్నాయి. సాలూరులో రోడ్డు పక్క పెంకుటిల్లు మహాలక్ష్మమ్మది. ఆవిడ తల్లి లక్ష్మీనరసమ్మ పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. లారీలు బాగుచేసే ఎల్లాజీ అందులో అద్దెకున్నాడు. రెండోది ఇక్కడే బొబ్బిలిలో, వీణలు చేసేవాళ్ళ వీధిలో ఉంది. అది నగరేశ్వరరావు స్వార్జితం. వీణల పని చేసే సింహాచలం అందులో ఉంటాడు.

చింతపండు, బెల్లం వ్యాపారం చేసే నగరేశ్వరరావుకి ఈ పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో కొత్తగా లారీల మీద మనసు పుట్టింది. సాలూరులో లారీలున్న జగన్నాధంతో కలిసి సరుకు దింపుకునే షెడ్డు వేద్దామని, దానికి ఆ రోడ్డు పక్క ఇల్లయితే బాగుంటుందని అనుకున్నాడు. జగన్నాధం మాత్రం ఒక్కమాట మీద కూర్చున్నాడు.

"మీ ఆవిడ పేరునున్న జాగాలో నేను రేకులెయ్యను బావా. రేపు ఆవిడికి కోపమొస్తే నా లారీలు నడిరోడ్డు మీదుంటాయి."

అందుకని నగరేశ్వరరావు ఒక ఉపాయం చెప్పాడు. ఇంటికి ఇల్లు. సాలూరిల్లు ఆమె ఆయనకి అమ్మినట్టు రాస్తుంది, బొబ్బిలి ఇల్లు ఆయన ఆమెకి అమ్మినట్టు రాస్తాడు. రెండూ ఇంచుమించు ఒకే ధర చేస్తాయి, సాలూరుది ఒక పిసరు ఎక్కువ. మహాలక్ష్మమ్మ సరే అంది. అమ్మ ఇచ్చిన ఇల్లు పోతున్నందుకు కొంచెం గుబులైనా, రెండు వీధుల అవతలే తన ఇల్లు ఉంటుందంటే, రోజూ వెళ్ళి చూసి రావచ్చు కదా అనుకుంది.

నిన్న అరుగు మీద ఆ లెక్కే తిరగబడింది. దస్తావేజులు రాసే నారాయణమూర్తి ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, తీరిగ్గా చెప్పాడు.

"రెండు క్రయ దస్తావేజులు రావాలి బాబూ. సాలూరిది సాలూరు ఆఫీసులో, బొబ్బిలిది బొబ్బిల్లో. రెండింటికీ వేరువేరు స్టాంపులు."

"మొగుడూ పెళ్ళాల మధ్య కూడా స్టాంపేటయ్యా? పీటల మీద కొంగుముడేసి కూకోబెట్టినప్పుడు ఇద్దరూ ఒకటే అన్నారు కదా."

"పంతులు అన్నాడు బాబూ, సర్కారు అనలేదు. సర్కారుకి మొగుడూ పెళ్ళాం లేరు, అమ్మేవాడూ కొనేవాడూ ఉన్నారు. ఆస్తి విలువ మీద స్టాంపు కట్టాల్సిందే."

"దానం రాస్తేనో?"

"దానానికీ విలువ మీదే."

నగరేశ్వరరావు కాసేపు గెడ్డం గోక్కున్నాడు. ఆయన పిసినారి అని ఎవరూ అనరు. గోనె సంచి చిరిగితే పారెయ్యడు, పురికొస ముక్క దొరికితే జేబులో వేసుకుంటాడు, అంతే. చివరికి అన్నాడు.

"అయితే ముందు సాలూరిది రాయించేద్దాం. జగన్నాధం తొందరపడతన్నాడు. నాది తరవాత చూద్దాం. ఇంట్లో మనిషే కదా, ఎక్కడికి పోతాది?"

తరవాత!

తలుపు వెనక మహాలక్ష్మమ్మ గాజులు జారి ఘల్లుమన్నాయి. అప్పటి నుంచీ ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ మాట ఆవిడకి ఎక్కడ తగిలిందో చెప్పాలంటే తల్లి సంగతి చెప్పాలి. లక్ష్మీనరసమ్మ భర్త కూడా మంచివాడే. నీ పేరున ఇల్లు రాస్తాను, పంట చేతికొచ్చాక అన్నాడు. పంట చేతికొచ్చాక పిల్ల పెళ్ళయ్యాక అన్నాడు. ఒక ఎండాకాలం మూడు రోజుల జ్వరంతో పోయాడు. పదకొండో రోజు వెళ్ళకుండానే బావగార్లు తాళాల గుత్తి అడిగి తీసుకున్నారు. ఆ తల్లి పదేళ్ళు వాళ్ళ వసారాలో, నీళ్ళ కాగు పక్కన చాప వేసుకుని బతికింది. అప్పడాలు ఒత్తి, ఒంటి మీది బంగారం తీసి ఇచ్చి, సాలూరులో ఆ ఇల్లు కొన్నది. కూతుర్ని ఐదో తరగతి దాకా చదివించింది కూడా అందుకే. పెళ్ళికి ముందురోజు దస్తావేజు చేతిలో పెట్టి, "చదువు, పైకి చదువు" అని కూర్చోబెట్టి నాలుగు హద్దులూ అప్పజెప్పించుకుంది.

మహాలక్ష్మమ్మకి ఆ హద్దులు ఇప్పటికీ వచ్చు.

"ఏటే, మాటాడవు?" అన్నాడు నగరేశ్వరరావు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ.

ఏమనాలి? నువ్వు పోతే నా గతేమిటి అని ఎదురుగా ఉన్న మనిషిని ఎలా అడగడం? అన్నం తిని లేచిన మనిషిని? మరిది చినబాబు ఆ బొబ్బిలి ఇల్లు ఉమ్మడిదని అప్పుడప్పుడూ నసుగుతూనే ఉంటాడు. ఉమ్మడిది కాదని ఊరందరికీ తెలుసు, అతనికి తప్ప. అదీ అనలేదు. నోటికి అందిన మాట ఒకటి పట్టుకుంది.

"శుక్రవారమా? శుక్రవారం నాడు ఇంటిని ఇచ్చేస్తానేటండీ? దీపం పెట్టిన చేత్తో?"

నగరేశ్వరరావు శుక్రవారం కొట్లో చిల్లర కూడా ఎవరికీ అప్పివ్వడు. ఇంటి లక్ష్మి బయటికి పోతుందని బేరం తెగినా సరే, శనివారం రమ్మంటాడు. సొంత కట్టుబాటే అడ్డొచ్చి నిలబడితే ఏం చేస్తాడు?

"సరే, సోమవారం," అన్నాడు.

అలా మహాలక్ష్మమ్మకి నాలుగు రోజులు దొరికాయి. ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు.

గురువారం పొద్దున్న వాకిలి మూడుసార్లు ఊడ్చింది. మూడోసారి ఊడుస్తుంటే పక్కింటి పార్వతీదేవి గోడ మీంచి, "ఏటప్పా, ముగ్గంతా పోనాది, ఇంకేటి ఊడుస్తన్నావు?" అని అడిగింది. మామూలుగా అయితే ఆ గోడ దగ్గర గంటసేపు ముచ్చట్లు పెట్టే మనిషి చీపురు గోడకి ఆనించి లోపలికి పోయింది. పార్వతీదేవి హడలిపోయి, మహాలక్ష్మమ్మకి ఒంట్లో బాగులేదని ఆ పూటే నాలుగిళ్ళకి చెప్పింది.

శుక్రవారం దీపం పెట్టి, మనసు నిలవక, వీణల వీధికి నడిచింది.

సింహాచలం ఇంటి ముందు పనస దుంగలు పేర్చి ఉన్నాయి. చెక్కు తీసిన పనస కర్ర వాసన వీధి మలుపు దాకా వస్తోంది. ఆయన వసారాలో కూర్చుని ఒక దుంగని ఉలితో లోపలికి తొలుస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంటి ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళిందో. ఒక్కసారీ ఇంటి కప్పు వంక చూడలేదు. ఇవాళ గుమ్మం, గోడ, దూలం, చూరు, కళ్ళు వాటంతట అవే తిరుగుతున్నాయి.

"దండాలమ్మగోరూ. ఇలగొచ్చారేటి? బాబుగారు పంపినారా?"

"ఎవరూ పంపలేదు. ఊరికే. ఈ గోడెందుకిలా ఉబ్బింది?"

"నీరు దిగుతాదమ్మా. ఎనక గదిలో పెంకులు పగిలిపోనాయి. రెండేళ్ళై బాబుగారికి సెప్తన్నాను. సూద్దాం తరవాత అంటారు."

"తరవాత అంటారా?"

"అవునమ్మా. వానొస్తే వీణలన్నీ మంచం మీదెట్టి మేం కిందుంటాం. కర్ర తడిస్తే నాదం పోతాది కదా. మేం తడిస్తే ఏటి పోతాది?"

ఆయన నవ్వాడు. మహాలక్ష్మమ్మ నవ్వలేదు. ఇల్లంతా కలియదిరిగింది. నూతిలో బొక్కెన వేసి నీళ్ళు చేది రుచి చూసింది. దొడ్డి గోడ ఎన్ని అడుగులుందో అడుగులు వేసి చూసింది. తూర్పున ఎవరు, పడమర ఎవరు, ఉత్తరాన ఆ సందు ఎవరిది అని అడిగింది. సింహాచలం ఉలి పక్కన పెట్టేశాడు.

"అమ్మగోరూ, మమ్మల్ని కాళీ సెయ్యమంటారేటి?"

"ఛ, ఛ. ఏదో చూద్దామని."

"అద్దె పెంచుతారా?"

"లేదంటుంటే!"

అని గబగబా వచ్చేసింది గానీ, ఇంటికొచ్చాక ఇంకా ఎక్కువైంది. ఇంతవరకూ ఆ ఇల్లు ఒట్టి మాటే. ఇప్పుడు దాని నీళ్ళ రుచి తెలిసిపోయింది. సోమవారం తన ఇల్లు పోయి, ఇది రాకపోతే?

శనివారం చింతపండు బస్తాలతో పాతపట్నం నుంచి బండి వచ్చింది. బండితోబాటు నారాయణమ్మ వచ్చింది. పల్లెలో పుట్టిన మనిషి, కాపు ఇల్లాలు. మొగుడికి లెక్క రాదని సరుకు తూకం దగ్గర తనే నిలబడుతుంది. కొట్లో పని అయ్యాక వెనక వాకిట్లోకి వచ్చి మజ్జిగ తాగి పోవడం ఆవిడకి ఆనవాయితీ. మహాలక్ష్మమ్మ గ్లాసు చేతికిచ్చి, ఊరి సంగతులు అడిగి, జవాబు వినకుండా ఇంకోటి అడిగి, మధ్యలో లేచి పొయ్యి చూసి వచ్చి, మళ్ళీ అదే అడిగింది.

"ఏటమ్మా, ఇందాక సెప్పినాను కదా," అంది నారాయణమ్మ. "మా గెడ్డవతల మడి మా మావ కొడుకులకిచ్చినాం, ఆళ్ళ మడి మా ఇంటెనకుంటే అది మేం తీసుకున్నాం. దిగుల్లేదింక. గెడ్డ నీట్లో దిగి అవతలికి ఎల్లక్కర్లేదు."

మహాలక్ష్మమ్మ పొయ్యి దగ్గర్నుంచి గిరుక్కున తిరిగింది.

"వాళ్ళది మీరు కొన్నారా? మీది వాళ్ళు కొన్నారా?"

"కొనడమేటి? మార్సుకున్నాం."

"నోటి మాటేనా?"

"నోటి మాటెందుకు? రిజిస్ట్రీ సేయించినాం. పరివర్తనం అంటారు దాన్ని. ఒకటే కాయితం. అందులో మాదీ ఉంటాది, ఆళ్ళదీ ఉంటాది. ఇద్దరం ఒక్కపాలే ఏలుముద్రలేసినాం."

"మరి స్టాంపు? రెండు మళ్ళకీ రెండు కట్టారా?"

"ఓలమ్మో, రెండెందుకు? రెండిట్లో ఏది ఎక్కువ ధరయితే దాని మీదే. ఒక్కపాలే."

మహాలక్ష్మమ్మ అక్కడే చతికిలబడింది. మంగళవారం తరవాత ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

ఒకటే కాగితం. తనదీ ఆయనదీ అందులోనే. ముందూ లేదు, తరవాతా లేదు. స్టాంపు ఎక్కువ ధర ఉన్నదాని మీద, అంటే సాలూరిల్లు మీద. ఆయన సోమవారం కట్టడానికి సిద్ధపడ్డదీ అదే! దమ్మిడీ ఎక్కువ కాదు.

"ఏటన్నావు ఆ మాట? మళ్ళీ అను."

"పరివర్తనం."

నారాయణమ్మ బండెక్కి పోయాక ఆ మాటని మహాలక్ష్మమ్మ నోట్లో పెట్టుకుని తిరిగింది. పప్పు కడుగుతూ అనుకుంది, నీళ్ళు తోడుతూ అనుకుంది, మధ్యలో పార్వతీదేవి గోడ మీంచి ఒంట్లో ఎలా ఉందని పలకరిస్తే ఆవిడకి జవాబు చెబుతూ కూడా లోపల అనుకుంటూనే ఉంది. అన్నిసార్లు తిప్పితే ఏ మాటయినా అరుగుతుంది. ఆదివారం పొద్దున్న నారాయణమూర్తి ఇంటి గుమ్మం ఎక్కేసరికి అది వేరే మాటయి కూర్చుంది.

"నారాయణమూర్తీ, మాకు ప్రవర్తన దస్తావేజు రాయాలి."

నారాయణమూర్తి పొడుం డబ్బీ చేతిలోనే ఉండిపోయింది.

"ఏ దస్తావేజు?"

"ప్రవర్తన. ప్రవర్తన దస్తావేజు."

"ఎవరి ప్రవర్తనమ్మా? బాబుగారిదా, మీదా?"

"ఇద్దరిదీ. ఒకే కాగితం మీద."

ఆ మనిషి నవ్వాడయ్యా! పొడుం ముక్కులోకి పోక నోట్లోకి పోయి, దగ్గి, కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. ఇంట్లోంచి పెళ్ళాం పిల్లలు పరుగున వచ్చారు.

"ముప్పయ్యేళ్ళై రాస్తన్నాను తల్లీ. అమ్మకం రాశాను, తాకట్టు రాశాను, వీలునామా రాశాను. మొగుడి ప్రవర్తన మాత్రం ఎవరూ రాయించుకోలేదు. రాయించుకుంటే ఈ ఊళ్ళో స్టాంపు కాగితాలు చాలవు!"

మహాలక్ష్మమ్మ మొహం జేవురించింది. వెనక్కి తిరిగి పోవాలనిపించింది. పోతే మళ్ళీ రేపు సోమవారం.

"నవ్వింది చాలు గానీ," అంది. "రెండిళ్ళు మార్చుకుంటే ఒకే కాగితం, ఎక్కువ ధర దాని మీద ఒకే స్టాంపు. ఉందా లేదా అలాంటిది? అది చెప్పు ముందు."

నారాయణమూర్తి నవ్వు ఆగిపోయింది. డబ్బీ మూత పెట్టాడు.

"పరివర్తన," అన్నాడు నెమ్మదిగా. "ఉన్నాది."

"మరి మొన్న అరుగు మీద ఎందుకు చెప్పలేదు?"

"బాబుగారు అమ్మకం అన్నారు, నేను అమ్మకం సెప్పాను. మార్పిడి అని ఎవరూ అడగలేదు కదమ్మా."

"రెండు దస్తావేజులైతే రాతకూలి రెండుసార్లు, కదూ?"

ఆయన ఆకాశం వంక చూశాడు. వాళ్ళావిడ మొగుడి వంక చూసింది.

"బొబ్బిలి ఆఫీసులోనే అయిపోతాది," అన్నాడు చివరికి. "రెండిట్లో ఒక ఇల్లు ఇక్కడుంటే చాలు, సాలూరు ఆఫీసుకి ఆళ్ళే కాగితం పంపుకుంటారు. గానీ బాబుగారు ఒప్పుకోవాలి. అది మీరు సూసుకోండి."

చూసుకోవలసింది అక్కడే ఉంది. ఇంటికి నడుస్తుంటే మహాలక్ష్మమ్మకి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఇంతవరకూ ఖర్చు అనే తెర ఒకటి అడ్డం ఉంది. ఆయన తరవాత అన్నాడంటే స్టాంపు ఖర్చుకి జంకి అన్నాడనుకోవచ్చు. ఇప్పుడు ఆ ఖర్చు లేదు. ఇప్పుడు కూడా తరవాత అంటే? ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం. రోజూ ఆయనకి అన్నం వడ్డించిన చెయ్యి తనది. జవాబు అదే అయితే తెలుసుకోకుండా ఉండడమే మేలేమో. వీధి మొదట్లో నిలబడింది. చింతపండు బస్తా మోసుకెళ్ళే కళాసీ "తప్పుకోండమ్మా" అంటే తప్పుకుంది. మళ్ళీ నిలబడింది. ఊళ్ళో అందరి గుట్లూ అడిగి తెలుసుకునే మనిషికి జీవితంలో మొదటిసారి ఒక సంగతి తెలుసుకోవాలంటే భయమేసింది.

కొట్లో ఆదివారం బేరాల్లేవు. నగరేశ్వరరావు ఖాళీ గోనెలు దులిపి మడతపెడుతున్నాడు.

"ఏమండీ."

"ఊఁ."

"రేపు సాలూరు ఎల్లక్కర్లేదట. ఇక్కడే అయిపోతాదట."

"ఎవరన్నారు?"

ఆవిడ చెప్పింది. ఒక్క ఊపిరిలో, పాతపట్నం మడి దగ్గర మొదలుపెట్టి నారాయణమూర్తి పొడుం దాకా, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ప్రవర్తన సంగతి మాత్రం మింగేసింది. ఆయన గోనె మడత ఆపి విన్నాడు.

"రెండిళ్ళకీ ఒకటే స్టాంపా?"

"ఒకటే."

"సాలూరుదాని మీదేనా? అంతేనా?"

"అంతే. మీరు కడదామనుకున్నదే."

నగరేశ్వరరావు గోనె అంచు చిరిగి ఉంటే ఆ పోగుని వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. వీధిలో సైకిలు ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది. మహాలక్ష్మమ్మ గుమ్మం చెక్క పట్టుకుంది. కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి మారింది.

"ఏటే," అన్నాడు ఆయన తలెత్తకుండా. "నేను రాయననుకున్నావా?"

లేదండీ అని నోటి దాకా వచ్చింది. ఆ మాట అనేస్తే అంతా మామూలైపోతుంది.

"నేను అనుకోలేదు," అంది. "నా కాళ్ళు అనుకున్నాయి. మంగళవారం నుంచీ ఒక్కచోట నిలబడలేదు. మా అమ్మ తరవాత అన్న మాట విని పదేళ్ళు వసారాలో పడుకుంది. మీకు తెలుసు."

ఆయన గోనె కింద పెట్టాడు. లేచి, చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికండీ?"

"ఆ నారాయణమూర్తి దగ్గరికే. ముప్పయ్యేళ్ళై నా అరుగు మీద కూకుని నా కాఫీ తాగి నాకు రెండు స్టాంపులు సెప్తాడా? మొదటే ఒకటంటే ఈ తరవాతలన్నీ ఎందుకొచ్చును?"

కోపం నారాయణమూర్తి మీదో, తన మీదో, పెళ్ళాం మీదో మహాలక్ష్మమ్మకి అంతుపట్టలేదు. ఆ రాత్రి ఆయన మామూలుగా తిని పడుకున్నాడు.

సోమవారం బొబ్బిలి రిజిస్ట్రారు ఆఫీసు జనంతో కిటకిటలాడుతోంది. మూడు బెంచీలు, ఒక కుండ, గోడ మీద నిలిచిపోయిన గడియారం. నారాయణమూర్తి పరివర్తన దస్తావేజు చదివి వినిపించాడు. మహాలక్ష్మమ్మ బొబ్బిలి ఇంటి హద్దుల దగ్గర ఆపి, "ఉత్తరాన సందు రాయలేదు" అంది. ఆయన మళ్ళీ చూసుకుని, నాలుక కరుచుకుని, సందు రాసి పక్కన సంతకం పెట్టాడు. నగరేశ్వరరావు పెళ్ళాం వంక ఒక చూపు చూశాడు.

సబ్ రిజిస్ట్రారు కొత్తగా గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ పిలిచాడు.

"మహాలక్ష్మమ్మ ఎవరు? మీ ఇల్లు ఇష్టపూర్వకంగానే మార్చుకుంటున్నారా?"

"అవును బాబూ."

"ఎవరితో మార్చుకుంటున్నారు?"

మహాలక్ష్మమ్మ పక్కకి చూసింది. "ఆయనతో."

"ఆయనంటే? పేరు చెప్పండి."

ఇదెక్కడి చిక్కు! మొగుడి పేరు ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి నోటి మీదికి రాలేదు. వ్రతాల్లో అడిగినా ఆడపడుచులే అందించేవారు.

"అమ్మవారి కోవెల్లో పక్కనుంటారు కదా, ఆ స్వామి పేరు," అంది.

"ఏ స్వామండీ? సరిగ్గా చెప్పండి. పేరు తెలియకుండా ఆస్తి ఎలా మారుస్తాం?"

బెంచీ మీద జనం నవ్వారు. "సెప్పీయమ్మా, బేగి, మాకు బస్సుకి టైమైపోతంది," అని ఎవరో అరిచారు. నగరేశ్వరరావు అందిద్దామని నోరు తెరిచాడు. "మీరు కాదు, ఆవిడే చెప్పాలి," అన్నాడు ఆఫీసరు.

కాగితం బల్ల మీద ఉంది. ఒడ్డుకొచ్చి మునగడమంటే ఇదే కాబోలు. చప్పున ఆవిడకి పెళ్ళికి ముందురోజు తల్లి అన్న మాట గుర్తొచ్చింది. చదువు, పైకి చదువు.

"బాబూ, చెప్పను గానీ చదువుతాను," అంది. "చదివితే పిలిచినట్టు కాదు కదా."

కాగితం దగ్గరికి లాక్కుని, అక్షరం కింద వేలు పెట్టి, ఐదో తరగతి పిల్లలా గొంతెత్తింది.

"న... గ... రే... శ్వ... ర... రావు."

నగరేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో పిలిస్తే పలికినట్టు, "ఆఁ" అన్నాడు తనకి తెలియకుండానే. ఇంక ఆఫీసరు కూడా నవ్వేశాడు.

సంతకాలయ్యాయి. ఆవిడ వేలిముద్ర కోసం సిరాబిళ్ళ ముందుకి జరిపిన గుమాస్తా చేతిలోంచి కలం తీసుకుని పూర్తి పేరు రాసింది. తరవాత ఆ గుమాస్తానే రూలు ప్రకారం ముద్ర కూడా వేయించుకున్నాడు, అది వేరే సంగతి.

"రసీదు ఎవరికివ్వాలి? దస్తావేజు తయారయ్యాక ఇది చూపించి తీసుకోవాలి," అన్నాడు గుమాస్తా.

నగరేశ్వరరావు చెయ్యి అలవాటు చొప్పున ముందుకి వెళ్ళింది. సగంలో ఆగింది. ఆ చేత్తోనే వెనక్కి చూపించాడు.

"ఆవిడికియ్యి. లేకపోతే మళ్ళీ వాకిలి ఊడుస్తాది."

మహాలక్ష్మమ్మ రసీదు నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. ఆయన కొట్టుకి పోయాడు. ఆవిడ ఇంటికి పోలేదు. ఎండ మండిపోతుంటే ఏకంగా వీణల వీధికి నడిచింది. సాలూరిల్లు పోయినందుకు లోపలెక్కడో ముల్లు కలుక్కుమంటూనే ఉంది. అమ్మ కొన్న గుమ్మానికి రేపో మాపో గునపం తగులుతుంది. ఆగి దాని గురించి ఏడవడానికి మాత్రం కాళ్ళు ఒప్పుకోలేదు.

సింహాచలం దుంగ మీంచి తలెత్తాడు.

"మళ్ళీ ఒచ్చారేటమ్మగోరూ?"

"ఇవాళ్టి నుంచి ఈ ఇల్లు నాది."

"మీదే కదమ్మా. బాబుగారిదైతే మీది కాదేటి?"

"ఆయనది కాదు. నాది. కాగితం అయింది."

సింహాచలం ఆ తేడా ఏమిటో కాసేపు ఆలోచించాడు. అద్దె మనిషికి తెలియవలసిన తేడా ఒకటే కనిపించింది.

"అయితే అద్దె మీకియ్యాలా?"

"నాకే."

"మరి పెంకులు?"

మహాలక్ష్మమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. కళ్ళు పైకి వెళ్ళాయి. మృగశిర కార్తె ఎంతో దూరం లేదు. వెనక గది చూరు మీద నల్లటి చార, దాని కింద మంచం, మంచం మీద తంత్రులు ఇంకా కట్టని రెండు వీణలు. చూద్దాం తరవాత అనే మాట ఎంత సులువుగా నోటి చివరికి వచ్చేస్తుందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

కొంగు నడుముకి బిగించింది. రసీదు ముడి గట్టిగా ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుంది.

"నీ దగ్గర నిచ్చెన ఉన్నాదా?" అంది.